కామిక్స్ చరిత్రలో స్త్రీ చిత్రకారులు

కామిక్స్ అంటే వరుసగా పేర్చిన బొమ్మలతో, వాటిలో ఇమిడిన మాటలతో నడిచే కథ. తెలుగు పాఠకులు దీన్ని బొమ్మల కథ అన్నారు. ఒకే బొమ్మలో ముగిసే కార్టూన్, మూడు నాలుగు గడుల స్ట్రిప్, పుస్తకమంత నిడివి ఉండే గ్రాఫిక్ నవల ఈ కుటుంబంలోవే. ఈ కళకు ఆధునిక రూపం వచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు పత్రికల్లో. ఆ తొలి దశ నుంచే స్త్రీలు ఇందులో గీస్తూ వచ్చారు. అయినా చరిత్ర పుస్తకాల్లో వారి పేర్లు చాలాకాలం కనిపించలేదు.

తెలుగులో ఈ చరిత్రకు నిలువెత్తు ఉదాహరణ విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి (1965–2015). తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా ఆమెకు పేరుంది. ఆమెకు వెనుక చేర్యాల పటాల ఇళ్ళు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలు, ముగ్గుల వాకిళ్ళు ఉన్నాయి. ముందు ఫోన్ తెర మీద కామిక్స్ గీసే కొత్త తరం ఉంది. ప్రపంచమంతటా ఈ చరిత్రలో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. స్త్రీల చేతికి గీత ఎప్పుడూ కొత్త కాదు. ఆ గీత అచ్చుకు చేరే దారి ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వారు కనిపించారు. ఎక్కడ మూసుకుంటే అక్కడ మాయమయ్యారు.

పూర్వరూపాలు: పటం, కలంకారీ, ముగ్గు

అచ్చు కామిక్స్ రాకముందే తెలుగు నేల మీద బొమ్మల వరుసతో కథ చెప్పే పద్ధతి ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు ఇందుకు మంచి ఆధారం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రని నేపథ్యంతో బొమ్మలు వేస్తారు. గుడ్డ వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు ముప్పై, నలభై అడుగుల దాకా ఉండేది. పూల అంచులతో పటాన్ని అడ్డంగా గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం చూపిస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. పటం కథకులు రాత్రంతా పటాన్ని విప్పుకుంటూ పాడేవారు. గడి తర్వాత గడి చూస్తూ కథను అందుకోవడం అనే అలవాటు కామిక్స్ చదవడానికి పునాది. ఆ అలవాటును తెలంగాణ పల్లెకు పటమే ఎదురుగా కూర్చోబెట్టి నేర్పింది.

నకాషీ పని ఇంటిల్లిపాదీ కలిసి చేసేది. గుడ్డ సిద్ధం చేయడం, రంగులు నూరడం, నింపడం, అంచులు తీర్చడం వంటి పనుల్లో ఆడవాళ్ళ చేయి ఉంటుంది. బయట మాత్రం పటం ఇంటి పెద్ద పేరుతోనే చలామణి అయ్యేది. ఈ పరిస్థితి మన కాలంలో మారింది. హైదరాబాద్ శివారున, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న బోడుప్పల్‌లో దనాలకోట వైకుంఠం నకాష్ కుటుంబం ఈ కళను కొనసాగిస్తోంది. ఆయన భార్య వనజ కూడా చిత్రకారిణిగా సొంత పేరుతో గుర్తింపు పొందారు. నగర శివారు కాలనీలో ఒక ఇంట్లో తెలంగాణ బొమ్మల కథ నేటికీ చేత్తో తయారవుతోందన్న మాట.

శ్రీకాళహస్తి కలంకారీలోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. గుడ్డ మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ గడులుగా రామాయణ, భారత ఘట్టాలు, గడి పైన తెలుగులో వివరణ. బొమ్మ పక్కన మాట పెట్టే ఈ పద్ధతి కామిక్స్‌కు బాగా దగ్గరిది. ఈ రోజు శ్రీకాళహస్తిలో వెదురు కలం పట్టి ఈ పనిచేస్తున్నవారిలో స్త్రీలు గణనీయంగా ఉన్నారు.

మూడోది ముగ్గు. తెలుగింటి ఆడపిల్ల చేతికి మొదట వచ్చే గీత ఇదే. చుక్కలు లెక్కపెట్టి, చేయి ఎత్తకుండా, తుడిపేసే వీలు లేకుండా గీత నడపడం గొప్ప సాధన. తెలుగు వారపత్రికలు మహిళల పేజీల్లో ముగ్గులు అడిగి మరీ వేసుకునేవి. అదే పత్రికలో కార్టూన్ల పేజీ తిరగేస్తే దాదాపు అన్నీ మగ సంతకాలే. స్త్రీల గీతకు పత్రికలో చోటు ఉండేది. ఏ పేజీలో అన్నది మాత్రం ముందే నిర్ణయమైపోయేది.

పశ్చిమ దేశాల్లో తొలి అడుగులు

ఇంగ్లండ్‌లో తొలి పేరున్న కామిక్ పాత్రల్లో ఒకటి ఆలీ స్లోపర్. చార్లెస్ హెన్రీ రాస్ 1867లో 'జూడీ' పత్రిక కోసం దీన్ని సృష్టించాడు. కొద్దికాలంలోనే ఆ బొమ్మలు వేసే పనిని అతని భార్య అందుకుంది. ఆమె మారీ దువాల్ (1847–1890) అనే కలం పేరుతో గీసింది, రంగస్థల నటి కూడా. పాత్రను నిలబెట్టింది ఎక్కువగా ఆమె గీతే. ఘనత మాత్రం వందేళ్ళకు పైగా భర్త ఖాతాలో పడింది. ఇటీవలి పరిశోధకులు ఆమె బొమ్మలను వెదికి కూర్చాక గానీ ఆమె స్థానం స్పష్టం కాలేదు.

అమెరికాలో రోజ్ ఓనీల్ (1874–1944) స్ట్రిప్ 1896లోనే 'ట్రూత్' పత్రికలో అచ్చయింది. 1909లో ఆమె సృష్టించిన క్యూపీ పసిపాపలు బొమ్మలుగా, ప్రకటనలుగా ప్రపంచమంతా తిరిగాయి. ఎడ్వినా డమ్ 1915లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఒక పత్రికకు పూర్తికాలం రాజకీయ కార్టూనిస్టుగా పనిచేసింది. అప్పటికి అమెరికాలో స్త్రీలందరికీ ఓటు హక్కు ఇంకా రాలేదు.

వీరి తర్వాత తరంలో పేరు దాచుకోవడం ఒక ఉపాయంగా మారింది. డాలియా మెసిక్ ఆడపేరుతో పంపిన స్ట్రిప్పులు తిరిగి వస్తుంటే తన పేరును మగవాళ్ళకూ సరిపోయే 'డేల్'గా మార్చుకుంది. 1940లో మొదలైన ఆమె స్ట్రిప్ 'బ్రెండా స్టార్' ఒక మహిళా విలేఖరి కథ. జూన్ మిల్స్ 'టార్పే మిల్స్' పేరుతో 1941లో 'మిస్ ఫ్యూరీ' గీసింది. ఒక స్త్రీ సృష్టించిన తొలి స్త్రీ సూపర్ హీరో పాత్రగా దాన్ని గుర్తిస్తారు.

తెలుగు సాహిత్య చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక విచిత్రమైన తలకిందులు కనిపిస్తుంది. 1960, 70 దశకాల్లో తెలుగు వారపత్రికల సీరియళ్ళలో రచయిత్రులదే రాజ్యం. ఆ రోజుల్లో కొందరు మగ రచయితలు ఆడ పేర్లు పెట్టుకుని రాశారు. మార్కెట్ ఎవరి పేరు కోరితే ఆ పేరు బయటికి వస్తుంది. అమెరికా కామిక్స్‌లో అది మగ పేరు, తెలుగు నవలలో ఆడ పేరు.

జాకీ ఓర్మ్స్ (1911–1985) దారి మరో రకం. నల్లజాతి స్త్రీగా ఆమెకు పెద్ద పత్రికల తలుపులు రెండు విధాలా మూసుకున్నాయి. 1937లో నల్లజాతి వారి పత్రిక 'పిట్స్‌బర్గ్ కొరియర్' ఆమె 'టార్చీ బ్రౌన్'ను అచ్చువేసింది. 1945 నుంచి 1956 వరకు నడిచిన 'ప్యాటీ జో అండ్ జింజర్'లో ఒక చిన్నపిల్ల నోట జాతి వివక్ష మీద, రాజకీయాల మీద సూటి మాటలు పలికించింది.

కామిక్ పుస్తకాల పరిశ్రమలో

పత్రికల స్ట్రిప్ ఇంట్లో కూర్చుని గీసి పంపగలిగేది. 1930ల చివర అమెరికాలో పుట్టిన కామిక్ పుస్తకాల పరిశ్రమ వేరు. ఒకరు కథ రాస్తే, ఒకరు పెన్సిల్ గీస్తే, ఒకరు ఇంకు దిద్దితే, ఒకరు అక్షరాలు వేస్తే, ఇంకొకరు రంగులు నిర్ణయిస్తారు. ఇది స్టూడియోలో బల్లల వరుస ముందు జరిగే పని. ఆ బల్లలు స్త్రీలకు దొరికింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, మగ చిత్రకారులు సైన్యంలోకి వెళ్ళాక. ఫిక్షన్ హౌస్ అనే ప్రచురణ సంస్థ అప్పుడు పలువురు స్త్రీలను తీసుకుంది. వారిలో లిలీ రెనే (1921–2022) నాజీల నుంచి తప్పించుకుని వియన్నా నుంచి వచ్చిన యూదు యువతి. ఆమె గీసిన 'సెన్యోరీటా రియో' నాజీలతో పోరాడే గూఢచారి. యుద్ధం ముగిసి మగవాళ్ళు తిరిగి రాగానే ఈ చోటు కుంచించుకుపోయింది. 1954లో వచ్చిన కామిక్స్ నియమావళి తర్వాత పరిశ్రమే చిక్కిపోవడంతో మరికొందరు వైదొలిగారు.

నిలిచిన కొద్దిమందిలో మేరీ సెవెరిన్ (1929–2018), రమోనా ఫ్రాడన్ (1926–2024) ముఖ్యులు. సెవెరిన్ మొదట ఈసీ కామిక్స్‌లో రంగుల పనితో మొదలై, తర్వాత మార్వెల్‌లో హల్క్, డాక్టర్ స్ట్రేంజ్ వంటి పాత్రలను గీసింది. ఫ్రాడన్ డీసీ సంస్థకు ఆక్వామ్యాన్ గీసి, మెటమార్ఫో పాత్రకు రూపమిచ్చింది. 1980 నుంచి 1995 వరకు 'బ్రెండా స్టార్' బాధ్యతను మోసింది. 1941లో పుట్టిన వండర్ ఉమన్ అనే సూపర్ హీరో పాత్రతో కామిక్ పుస్తకాన్ని ఒక స్త్రీ గీయడానికి 1986 దాకా పట్టింది. ఆ పని చేసిన ట్రినా రాబిన్స్ (1938–2024) అంతకుముందే, 1970లో, పూర్తిగా స్త్రీలే చేసిన కామిక్ పుస్తకాన్ని తెచ్చింది. 1972 నుంచి 1992 వరకు వెలువడిన 'విమెన్స్ కామిక్స్' సంకలనాల స్థాపకుల్లో ఆమె ఒకరు. మరుగునపడిన పూర్వ చిత్రకారిణుల చరిత్రను పుస్తకాలుగా రాసిందీ ఆమే. ఈ వ్యాసంలోని అమెరికన్ పేర్లలో చాలావాటిని మన తరం గుర్తుపెట్టుకోవడానికి ఆ శ్రమే కారణం.

జపాన్, ఐరోపా

స్త్రీ చిత్రకారులు కామిక్స్ ప్రధాన స్రవంతిలో భాగమైన దేశం జపాన్. హసెగావా మచికో (1920–1992) 1946లో ఒక స్థానిక పత్రికలో 'సజాయే సాన్' మొదలుపెట్టింది. తర్వాత అసాహీ పత్రికలోకి మారిన ఈ గృహిణి కథ 1974 వరకు నడిచింది. పుస్తకాలు వేసేందుకు ఆమె అక్కాచెల్లెళ్ళతో కలిసి సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుంది. 1970లలో హగియో మోతో, తాకెమియా కైకో వంటివారు బాలికల కోసం వచ్చే మాంగా (జపాన్ కామిక్స్) రూపురేఖలే మార్చారు. 1972లో ఇకెడా రియోకో 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' ఫ్రెంచి విప్లవాన్ని బాలికల పత్రికలోకి తెచ్చింది. తాకాహాషి రుమికో 1978 నుంచి బాలుర పత్రికల్లో గీసి, అత్యధికంగా అమ్ముడయ్యే చిత్రకారుల్లో ఒకరైంది. బాలికల కోసం ప్రత్యేకంగా పత్రికలు ఉండటం, వాటికి చిత్రకారిణులు అవసరం కావడం ఈ ఎదుగుదలకు ముఖ్య కారణం.

ఫ్రాన్స్‌లో క్లేర్ బ్రెతెషే (1940–2020) 1973 నుంచి ఒక వారపత్రికలో పట్టణ మధ్యతరగతి మీద స్ట్రిప్ గీసి, ఆ పుస్తకాలను తానే ప్రచురించుకుంది. ఇరాన్‌లో పుట్టిన మర్జానె సత్రపి 'పెర్సెపొలిస్' 2000–2003 మధ్య వెలువడింది. చిత్రకారులే నడిపే ఒక చిన్న ప్రచురణ సంస్థ దాన్ని తెచ్చింది. అమెరికాలో ఆలిసన్ బెక్‌డెల్ 1983 నుంచి ప్రత్యామ్నాయ పత్రికల్లో గీస్తూ 2006లో 'ఫన్ హోమ్' ఆత్మకథకు చేరింది. ఈ పేర్లన్నిటి వెనుకా ఒక సొంత సంస్థో, సహకార సంస్థో, చిన్న పత్రికో ఉంది. పెద్ద తలుపు ముందు నిలబడి ఎదురుచూడటం మానేసి, పక్కన మరో తలుపు కట్టుకున్నవారు వీళ్ళు.

ఫ్రాన్స్‌లోని అంగులేమ్ ఉత్సవం 2016లో జీవన సాఫల్య బహుమతికి ప్రకటించిన 30 మంది జాబితాలో ఒక్క స్త్రీ కూడా లేదు. పలువురు చిత్రకారులు తమ పేర్లు ఉపసంహరించుకోవడంతో నిర్వాహకులు పద్ధతి మార్చాల్సి వచ్చింది. 2019లో ఆ బహుమతి తాకాహాషి రుమికోకు, 2022లో కెనడాకు చెందిన జూలీ దూసేకు దక్కింది.

భారతదేశంలో

1967లో అనంత్ పై ప్రారంభించిన అమర చిత్ర కథ తెలుగుతో సహా అనేక భాషల్లో పిల్లల చేతికి బొమ్మల కథలను అందించింది. ఆ సంస్థలో కమలా చంద్రకాంత్ సహ సంపాదకురాలిగా ఎన్నో కథలకు రూపమిచ్చారు. తర్వాతి కాలంలో రీనా పురి సంపాదకత్వం వహించారు. కథ, సంపాదకత్వం స్త్రీల చేతికి త్వరగానే వచ్చాయి. పేరు తెచ్చిన చిత్రకారులు మాత్రం ఎక్కువగా పురుషులే.

1982లో మంజులా పద్మనాభన్ బొంబాయిలోని 'సండే అబ్జర్వర్'లో మొదలుపెట్టిన స్ట్రిప్‌లో 'సుకి' అనే యువతి పుట్టింది. ఒంటరిగా బతుకుతూ, తనలో తాను తర్కించుకునే ఈ అమ్మాయి భారతీయ పత్రికలకు కొత్త. బెంగళూరులో మాయా కామత్ (1951–2001) మొదట కుటుంబ స్ట్రిప్‌తో ప్రవేశించి, తర్వాత రాజకీయ కార్టూన్‌కు మారారు. దినపత్రికలో రాజకీయ వ్యాఖ్య చేసే బాధ్యతను దేశంలో అంత స్థిరంగా నిర్వహించిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్టూనిస్ట్స్ ఆమె పేరుతో బహుమతులు ఇస్తోంది.

గ్రాఫిక్ నవల యుగంలో అమృతా పాటిల్ 'కరి' (2008) మొదటి మైలురాయి. మహాభారతం మీద ఆమె 'ఆది పర్వ' (2012), 'సౌప్తిక్' (2016) గీశారు. 2011లో వచ్చిన రెండు పుస్తకాలు తెలుగువారికి ప్రత్యేకంగా దగ్గరివి. ఒకటి 'భీమాయన'. అంబేడ్కర్ ఎదుర్కొన్న అంటరానితనాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలుగా చెప్పారు. పాశ్చాత్య కామిక్స్ గడులను వదిలేసి, తమ ఊళ్ళో ఆడవాళ్ళు గోడల మీద, నేల మీద వేసే దిగ్నా అల్లికతోనే పేజీని విడగొట్టారు. మెత్తని మాటలకు పక్షి ఆకారపు బుడగ, గాయపరిచే మాటలకు తేలుకొండి ఉన్న బుడగ పెట్టారు. ముగ్గులాంటి గృహకళ కామిక్స్ వ్యాకరణాన్నే మార్చగలదని ఈ పుస్తకం నిరూపించింది. దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పుస్తకానికి రచన చేసిన ఇద్దరిలో ఒకరైన శ్రీవిద్యా నటరాజన్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవారు. హైదరాబాద్‌లోని స్త్రీవాద పరిశోధన కేంద్రం అన్వేషి తెచ్చిన స్త్రీల ఆరోగ్య గ్రంథానికి ఆమె సంపాదకుల్లో ఒకరు. ఫూలే 'గులాంగిరీ' ఆధారంగా ఆమె రాయగా అపరాజితా నైనన్ గీసిన గ్రాఫిక్ నవల కూడా 2011లోనే వెలువడింది.

రెండో పుస్తకం చెన్నైలోని తారా బుక్స్ ప్రచురించిన 'సీతాస్ రామాయణ'. బెంగాలీ పటచిత్రకారిణి మొయినా చిత్రకార్ బొమ్మలకు సంహితా అర్ని మాటలు రాశారు. పాడుతూ విప్పే పటం పుస్తకపు పేజీలుగా మారింది. తెలుగులోనూ ఇలాంటి పుస్తకానికి ముడిసరుకు సిద్ధంగా ఉంది. చేర్యాల పటం ఉంది. తరాలుగా స్త్రీలు పాడుకున్న రామాయణపు పాటలు, ఊర్మిళాదేవి నిద్ర వంటివి ఉన్నాయి. రెంటినీ ఒక పేజీ మీదికి తేవడమే మిగిలిన పని.

2012 డిసెంబర్ ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత పద్నాలుగు మంది యువతులు ఒక కార్యశాలలో కలిసి గీసిన కథలు 2015లో 'డ్రాయింగ్ ద లైన్' సంకలనంగా జుబాన్ ప్రచురణ సంస్థ నుంచి వచ్చాయి. రామ్ దేవినేని రూపొందించిన 'ప్రియాస్ శక్తి' (2014) కూడా అదే ఘటనకు స్పందన. అత్యాచారాన్ని ఎదిరించి నిలిచిన యువతి అందులో నాయిక. రాజకీయ కార్టూన్‌లో కనికా మిశ్రా, రచితా తనేజా ప్రమాదాన్ని లెక్కచేయని గొంతులు. 2014లో 'శానిటరీ ప్యానెల్స్' ప్రారంభించిన రచిత, తన కార్టూన్లకు 2020లో సుప్రీంకోర్టు నుంచి ధిక్కరణ నోటీసు అందుకున్నారు.

తెలుగు పత్రికల్లో: రాగతి పండరి

తెలుగు కార్టూన్‌కు తలిశెట్టి రామారావు 1930 ప్రాంతాల్లో బాట వేశారు. 1945లో మద్రాసు నుంచి వెలువడిన 'బాల' పత్రికను న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఈ ఇద్దరి పత్రికలోనే బాపు తొలి బొమ్మలు అచ్చయ్యాయి. అంటే తెలుగు బాలల బొమ్మల ప్రపంచానికి పునాది వేసినవారిలో ఒక స్త్రీ ఉన్నారు. 1947లో వచ్చిన చందమామ బొమ్మకు మహర్దశ తెచ్చింది. బుజ్జాయిగా ప్రసిద్ధులైన దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి (1931–2022) 'డుంబు' వంటి పాత్రలతో తెలుగు కామిక్స్‌కు ఆద్యుల్లో ఒకరయ్యారు.

ఈ పత్రికల్లో కథ స్త్రీది, బొమ్మ పురుషుడిది అన్న విభజన స్థిరపడింది. యద్దనపూడి సులోచనారాణి సీరియల్‌కు, రంగనాయకమ్మ నవలకు మగ చిత్రకారులు బొమ్మలు వేశారు. దీనికి ప్రతిభ కన్నా పనిచేసే తీరే కారణంగా కనిపిస్తుంది. నవల రాతప్రతి పోస్టులో వెళ్ళగలదు. ఇలస్ట్రేషన్ అలా కాదు. సీరియల్ భాగం చేతికి వచ్చిన రోజే చదివి, బ్లాకుల తయారీకి అందేలా బొమ్మ ఇవ్వాలి. దానికి పత్రికాఫీసులో కుర్చీ కావాలి, వేళకాని వేళ పనిచేసే వీలు కావాలి. బొమ్మల సీరియల్‌కైతే నెలల తరబడి పేజీ కేటాయించే సంపాదకుడి హామీ కావాలి. ఆ కుర్చీ, ఆ హామీ స్త్రీకి దొరకని రోజులవి. చిత్రలేఖనం నేర్చిన స్త్రీలు తెలుగునాట లేకపోలేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే చిత్రకారిణులు. వారి కుంచె పత్రికాఫీసు దాకా రాలేదు.

కార్టూన్ మాత్రం పోస్టులో వెళ్ళగలదు. ఒక అట్టముక్క, ఇండియన్ ఇంకు, తిరుగు స్టాంపులు అంటించిన కవరు చాలు. విశాఖపట్నంలో రాగతి పండరి ఈ దారినే పట్టారు. చిన్ననాడే పోలియో సోకి నడక కష్టమైన ఆమెకు కాగితం, కలమే లోకంలోకి తెరిచిన కిటికీ. జయదేవ్ కార్టూన్లను చూసి, ఆయన్ను గురువుగా భావించి సాధన చేశారు. పదేళ్ళు నిండకముందే ఆమె కార్టూన్ అచ్చులోకి వచ్చింది. అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలు, తెలుగులో పేరున్న వార, మాస పత్రికల్లో దాదాపు అన్నిటికీ వేల సంఖ్యలో కార్టూన్లు గీశారు.

పండరి గొప్పతనాన్ని తొలి మహిళ అన్న ఒక్క మాటతో కొలిస్తే తక్కువ చేసినట్టే. 1970, 80 దశకాలు తెలుగు కార్టూన్‌కు పోటీ కాలం. బాపు, జయదేవ్, బాబు, మల్లిక్, సరసి వంటివారి పక్కన ఆ గీత నిలవాలి. పాఠకుడు సంతకం చూడకముందే నవ్వాలి. అప్పటి వారపత్రికల హాస్యమంతా మొగుడూ పెళ్ళాల మీద, అప్పడాల కర్ర మీద, అత్తాకోడళ్ళ మీద నడిచేది. నవ్వించే బొమ్మలో ఆడది ఎప్పుడూ ఉండేది. గీసేవారిలో మాత్రం ఉండేది కాదు. పండరి ఆ ఇంటి హాస్యాన్ని, దాంతోపాటు రాజకీయ, సామాజిక వ్యంగ్యాన్ని తీసుకుని ఇంటి లోపలి మనిషి చూపుతో గీశారు. గుండ్రంగా తిరిగే గీత, తక్కువ మాటలు, వెంటనే అందే చమత్కారం ఆమె పనితనం. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆమె తన పేరుతోనే సంతకం చేశారు. మెసిక్, మిల్స్ పేర్లు మార్చుకున్న వృత్తిలో ఒక తెలుగు అమ్మాయి బొమ్మ కింద తన పేరునే పెట్టి, ఆ పేరుతోనే ఇంటింటికీ తెలిసింది. తన బతుకును, కార్టూన్లను కలిపి ఆత్మకథగానూ రాశారు. 2015లో కన్నుమూశారు.

పండరి వెనుక పెద్ద వరుస ఏర్పడలేదు. ఆమె పనికి లోటు ఉండి అలా జరగలేదు. ఇరవయ్యో శతాబ్దం ముగిసేసరికి వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కార్టూన్ పేజీలు తగ్గాయి. ఆమె ప్రవేశించిన తలుపే మూసుకుపోయింది.

ఫోన్ తెర, నగర శివారు

ఇరవై ఒకటో శతాబ్దంలో ఆ పోస్టు కవరు పనిని సామాజిక మాధ్యమాలు అందుకున్నాయి. సంపాదకుడి అనుమతి లేకుండానే బొమ్మ పాఠకుణ్ణి చేరుతుంది. బెంగళూరు చిత్రకారిణి మౌనిక టాటా 'డూడులోడ్రామా' పేరుతో ఆడవాళ్ళ దైనందిన జీవితం, శరీరం మీద వ్యాఖ్యలు, మానసిక ఆరోగ్యం గురించి కామిక్స్ గీసి పెద్ద పాఠకవర్గాన్ని సంపాదించుకున్నారు. కావేరీ గోపాలకృష్ణన్, ప్రియా కురియన్ వంటివారు పుస్తకాల్లోనూ, తెర మీదా సమానంగా పనిచేస్తున్నారు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో అనుకూలతలున్నాయి. 1940లో మొదలైన లలిత కళల కళాశాల నేడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ అనువర్తిత కళ, యానిమేషన్ నేర్పుతారు. 2008లో టీవీలో మొదలైన 'ఛోటా భీమ్' ఈ నగరంలోని గ్రీన్ గోల్డ్ స్టూడియో సృష్టి. యానిమేషన్‌కు వేసే స్టోరీబోర్డు కామిక్స్‌కు తోబుట్టువు. అది చేయగలిగిన చేయి బొమ్మల కథా గీయగలదు. 2013 నుంచి కామిక్ కాన్ ఉత్సవం ఇక్కడా జరుగుతోంది. చిత్రకారులు సొంత బల్ల పెట్టుకుని తమ పుస్తకాలను నేరుగా అమ్ముకునే వీలు అక్కడ ఉంటుంది.

ఈ సౌకర్యాలు నగరం నడిబొడ్డున, పడమటి వైపున ఎక్కువ. గాజులరామారం, సూరారం, షాపూర్‌నగర్ వంటి ఉత్తర శివారుల్లో జిల్లాల నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. ఇక్కడి పిల్లకు కళాశాల బల్ల కన్నా ముందు దొరికేది ఇంట్లోని ఫోనే. పండరికి పోస్టు చేసిన మేలును ఫోన్ ఈ పిల్లకు చేయగలదు. ఫోన్ ఇవ్వలేనివి కూడా ఉన్నాయి. పని నేర్పే గురువు, తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలున్న గ్రంథాలయం, చేసిన పనికి పారితోషికం. బోడుప్పల్‌లోని నకాషీ కుంచె, శివారు ప్రభుత్వ పాఠశాల డ్రాయింగ్ క్లాసు ఒకే జిల్లాలో ఉన్నాయి. వాటిని కలిపితే పిల్లలు తమ ఇంటి కథను తమ నేల బొమ్మలో చెప్పడం నేర్చుకుంటారు.

పేరు, భద్రపరచడం

స్త్రీ చిత్రకారుల చరిత్ర రాయడంలో పెద్ద చిక్కు సంతకం లేని పని. రంగులు నింపినవారు, అక్షరాలు దిద్దినవారు, పటానికి అంచు తీర్చినవారు, మహిళల పేజీకి ముగ్గు పంపినవారు ఎక్కడా జమ కాలేదు. దువాల్ బొమ్మలను పరిశోధకులు పాత సంచికల్లో వెదికి సేకరించారు. రాబిన్స్ తన ముందు తరాల చిత్రకారిణులను ఒక్కొక్కరినే తవ్వి తీసింది. ఆ పని జరిగిన చోట చరిత్ర మారింది. సజాయే సాన్ గీసిన హసెగావా పేరుతో టోక్యోలో ప్రదర్శనశాల ఉంది.

తెలుగు వారపత్రికల సంచికలు నాసిరకం కాగితం మీద అచ్చయినవి. అవి పొడి అవుతున్నకొద్దీ వాటిలోని కార్టూన్లూ పోతాయి. చందమామ సంచికలను అభిమానులు స్కాన్ చేసి కాపాడుకున్నట్టే వారపత్రికల కార్టూన్ పేజీలనూ కాపాడాలి. ఆ పేజీల్లో పండరి సంతకం వేల చోట్ల ఉంది. ఒక పసిదాని చేయి మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలు ఆపకుండా రాసిన పేరు అది. తర్వాత కలం పట్టే పిల్లకు ఆ పేజీలు అందుబాటులో ఉండాలి. తనకన్నా ముందు ఇదే భాషలో, ఇదే దారిలో ఒకరు నడిచారని ఆ పిల్ల మొదట తెలుసుకునేది ఆ సంతకం చూసినప్పుడే.